పన్నెండు వోల్టులకీ ఫ్యూజు కావాలి

సంపాదకులకు,

ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లో ఇప్పుడు కొట్లలోనూ తోపుడుబళ్ల మీదా సోలార్ ప్యానెల్, బ్యాటరీ, డీసీ (బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు) ఫ్యాను మామూలైపోయాయి. వైరింగ్ మాత్రం చేతికందిన వైరుతో కానిచ్చేస్తున్నారు. అడిగితే "పన్నెండు వోల్టులే కదా, షాక్ కొట్టదు" అంటారు. షాక్ కొట్టదు నిజమే, ఇల్లు తగలబడుతుంది. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ షార్టయితే వెయ్యి ఆంపియర్లు దాటి పారుతుంది. పానా జారి రెండు టెర్మినళ్లకీ తగిలితే అక్కడే అతుక్కుని ఎర్రబడుతుంది.

వైరింగ్‌కి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 732 ప్రకారం 120 వోల్టుల డీసీ వరకు ఎక్స్‌ట్రా లో వోల్టేజీ, అంటే మరీ తక్కువ వోల్టేజీ. సడలింపులన్నీ షాక్ విషయంలోనే. వైరు వేడెక్కడానికి మినహాయింపేమీ లేదు.

ప్లస్ టెర్మినల్ నుంచి జానెడు లోపే ఫ్యూజు ఉండాలి. చాలామంది దాన్ని స్విచ్ బోర్డులో పెడుతున్నారు. బ్యాటరీ నుంచి బోర్డు దాకా వైరుని ఎలుక కొరికితే ఆ ఫ్యూజు కొట్టదు. ఫ్యూజు లోడు కంటే కొంచెం ఎక్కువ, వైరు మోయగలిగిన దానికంటే తక్కువ ఉండాలి. 5 ఆంపియర్లకి గోధుమరంగు 7.5 ఆంపియర్ల బ్లేడు ఫ్యూజు (బండ్లలో వాడే రెండు రేకుల ఫ్యూజు) సరిపోతుంది.

వైరు సైజు దగ్గర ఇంకా పెద్ద తప్పు. ఫ్యాను, బల్బులు కలిపి 60 వాట్లంటే 230 వోల్టుల్లో పావు ఆంపియరు, పన్నెండులో 5 ఆంపియర్లు. బ్యాటరీ 15 మీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ 30 మీటర్లు. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో దాదాపు 2 వోల్టులు దారిలోనే పోతాయి. ఫ్యాను ఈడుస్తుంది, బ్యాటరీ పోయిందనుకుని కొత్తది కొంటారు. ఆరు చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే పోయేది అర వోల్టే. అంత ఖర్చెందుకు, బ్యాటరీనే 5 మీటర్లకి జరిపితే ఆ ఒకటిన్నరతోనే ముప్పావు వోల్టు లోపు పోతుంది.

ఇంటి మెయిన్ కరెంటుకి (ఏసీ) వాడగా మిగిలిన ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగే స్విచ్, ఇక్కడ పెట్టొద్దు. ఏసీ కరెంటు సెకనుకి వంద సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి స్విచ్ విడిపోయేటప్పుడు లేచే నిప్పురవ్వ ఆరుతుంది. డీసీలో ఆ వెసులుబాటు లేదు. డీసీ ఎంసీబీ మీద ప్లస్, మైనస్ గుర్తులుంటే వాటి ప్రకారమే కలపాలి.

పన్నెండు వోల్టులకి మామూలు త్రీపిన్ సాకెట్ అసలే వద్దు. డీసీ ఫ్యాను ప్లగ్గుని ఎవరో ఒకరు 230లో పెడతారు. వేరే ఏ సాకెట్‌లోనూ పట్టని ప్లగ్గు వాడాలన్నది రూలే.

కిట్లు అమ్మే కొట్లవాళ్లు ఫ్యూజు హోల్డరు, రెండు స్పేర్ ఫ్యూజులు కూడా బిల్లులో వేసి ఇవ్వాలి. సోలార్ దీపాల బిల్లు పాస్ చేసే ముందు పంచాయతీవాళ్లు బ్యాటరీ పెట్టె మూత తీసి ఫ్యూజు ఎక్కడుందో చూడాలి.

— వైరింగ్ పనివాళ్లం, పర్లాకిమిడి, గజపతి జిల్లా