యార్డులో ఊరికే తగలబడే డీజిల్‌కు లెక్క అడిగేవారేరీ?

సంపాదకులకు నమస్కారం.

రైల్వే లైన్లన్నీ కరెంటు కిందకు వచ్చాయి, ఇక డీజిల్ గొడవ ఎక్కడిది అనుకునేవాళ్లు ఏ పెద్ద స్టేషన్ యార్డుకైనా రాత్రిపూట వెళ్లి చూడాలి. గూడ్స్ షెడ్ దగ్గరో, బోగీలను కిందినుంచి తనిఖీ చేసే పిట్ లైన్ పక్కనో, వ్యాగన్లను అటూ ఇటూ జరిపి జతచేసే డీజిల్ షంటింగ్ ఇంజన్ ఒకటి నిలబడి మోగుతూనే ఉంటుంది. దానికి వ్యాగన్లు తగిలించి ఉండవు. తర్వాతి పని ఎప్పుడో డ్రైవర్‌కూ తెలియదు. క్రేన్లతో సరుకు ఎత్తే చోట, పైనుంచి బొగ్గు నింపే చోట నెత్తిమీద 25 వేల వోల్టుల తీగ ఉంటే ప్రాణాలకే ముప్పు కాబట్టి ఈ ఇంజన్లు ఇప్పట్లో పోయేవీ కావు.

నేను ఏళ్ల తరబడి షంటింగ్ డ్రైవర్‌గా చేసి రిటైరైనవాణ్ని. పని లేనప్పుడు ఇంజన్ ఎందుకు ఆపరని చాలామంది అడుగుతుంటారు. బద్ధకం అంటే మాత్రం నేను ఒప్పుకోను. అసలు కారణం భయం. పాత ఆల్కో రకం ఇంజన్‌ను ఆపి మళ్లీ స్టార్ట్ చేయాలంటే బ్యాటరీలు గట్టిగా ఉండాలి. నేను పనిచేసిన యార్డులో బ్యాటరీలు ఎప్పుడూ నీరసంగానే ఉండేవి. బటన్ నొక్కగానే క్యాబ్‌లో లైట్లు మసకబారేవి, ఇంజన్ సగం తిరిగి మూలిగి ఆగిపోయేది. ఇంజన్ రూములో నిలబడిన అసిస్టెంట్ ‘మళ్లీ కొట్టు అన్నా’ అని అరిచేవాడు. రెండోసారీ లేవకపోతే షెడ్ నుంచి మనిషి రావాలి, లేదంటే ఇంకో ఇంజన్ రావాలి. ఈలోపు రేక్ (వ్యాగన్ల వరుస) ఆగిపోతుంది, ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో కంట్రోల్ ఆఫీసు రాసుకుంటుంది, సంజాయిషీ అడిగే మెమో డ్రైవర్ చేతికొస్తుంది. రాత్రంతా ఊరికే కాలిన డీజిల్‌కు మాత్రం ఏ మెమో రాదు. ఇంజన్ ఆపితే శిక్ష, ఆపకపోతే ఏమీ లేదు అన్నప్పుడు ఎవరు ఆపుతారు?

రెండో కారణం బ్రేకు గాలి. బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్ తిరిగేది లోకో (రైలింజన్) లోపలి పెద్ద డీజిల్ ఇంజన్‌తోనే. పైపుల జాయింట్లలో లీకులుంటే ఇంజన్ ఆగిన కాసేపటికే గాలి దిగిపోతుంది. అప్పుడు హ్యాండ్ బ్రేక్ బిగించి, చక్రాల కింద చెక్కలు పెట్టి కాపలా కాయాలి.

ఈ రెండింటికీ మందు రైల్వే చేతిలోనే ఉంది. దాని పేరు ఆక్సిలరీ పవర్ యూనిట్, మావాళ్ల మాటలో ఏపీయూ. లోకోలోనే 25 హార్స్‌పవర్ చిన్న డీజిల్ ఇంజన్ ఒకటి అమర్చుతారు. లోకో పది నిమిషాలకు మించి ఖాళీగా ఉంటే పెద్ద ఇంజన్ తనంతట తానే ఆగి చిన్నది అందుకుంటుంది. బ్యాటరీలు ఛార్జ్ అవుతాయి, బ్రేకు గాలి నిలుస్తుంది. రైల్వే శాఖే చెప్పిన లెక్క ప్రకారం 4,500 హార్స్‌పవర్ ఇంజన్ ఊరికే నడిస్తే గంటకు 25 లీటర్లు తాగుతుంది, ఏపీయూకు 3 లీటర్లు చాలు. యార్డు ఇంజన్లు అంత పెద్దవి కావు కాబట్టి సగానికి తగ్గించి 12 లీటర్లే వేసుకుందాం. రోజుకు ఆరు గంటలు ఖాళీగా ఉంటే 54 లీటర్లు మిగులుతాయి. లీటరు 90 రూపాయలనుకుంటే ఒక్క ఇంజన్ మీద, ఏడాదికి 300 రోజులకు 14 లక్షల పైచిలుకు. ఆరు గంటలన్నది నేనేమీ ఎక్కువ చేసి చెప్పిన మాట కాదు. షంటింగ్ ఇంజన్ల పొగను కొలిచేటప్పుడు అమెరికా పర్యావరణ సంస్థ దాదాపు 60 శాతం సమయాన్ని ఐడ్లింగ్ (ఊరికే నడవడం) కిందే వేస్తుంది.

ఆ దేశంలో 2008లో తెచ్చిన నిబంధనల ప్రకారం కొత్త లోకోలు, పూర్తిగా బాగుచేసి తిరిగి పట్టాలెక్కించే లోకోలు 30 నిమిషాలకు మించి ఖాళీగా నడిస్తే వాటంతటవే ఆగిపోవాలి. చలికి ఇంజన్‌లో నీళ్లు గడ్డకట్టే ఊళ్లున్న దేశమది. అలాంటి అవసరాలకు మినహాయింపు ఇచ్చి మరీ నిబంధన పెట్టుకున్నారు. ఆ చలి బాధే లేని మనకు అడ్డేమిటో నాకు అర్థం కాదు.

డబ్బు ఒక్కటే కాదు. లోడు లేకుండా గంటలకొద్దీ నడిచిన ఇంజన్‌లో డీజిల్ సరిగా కాలదు. మసి, ఆయిల్ పొగగొట్టంలో, ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బోలో పేరుకుంటాయి. ఆ తర్వాత నాచ్ (ఇంజన్ శక్తిని పెంచే మెట్టు) పెంచగానే నల్లటి పొగ, దాంతోపాటు నిప్పురవ్వలు లేస్తాయి. ఆ పొగ పీల్చేది గూడ్స్ షెడ్‌లో బస్తాలు మోసే హమాలీలు, పట్టాల పక్కన గుడిసెల్లో ఉండేవాళ్లు, రైల్వే క్వార్టర్లలోని మా పిల్లలు. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది.

2020లో జబల్‌పూర్ డివిజన్ వాళ్లు బ్యాటరీతోనూ, కరెంటుతోనూ నడిచే ‘నవదూత్’ అనే షంటింగ్ లోకోను తయారుచేశారు. మంచి పని. అలాంటివి అన్ని యార్డులకూ రావాలి. కానీ అవి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. మంచి బ్యాటరీలు ఇవ్వడానికీ, లీకులు కట్టడానికీ కొత్త టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు. తర్వాతి రేక్ గంట తర్వాతే అని యార్డ్ మాస్టర్ వాకీటాకీలో ఒక్క మాట చెబితే డ్రైవర్ ధైర్యంగా ఆపుతాడు. ఆపిన ఇంజన్ మళ్లీ లేవకపోతే బాధ్యత డ్రైవర్‌ది కాదని రాతపూర్వకంగా ఇవ్వాలి. అన్నిటికన్నా ముందు కావలసింది ఈ హామీయే. ఏపీయూలు అమర్చేటప్పుడు కూడా ఎక్కువసేపు ఖాళీగా ఉండే యార్డు ఇంజన్లకే తొలి వంతు ఇవ్వాలి. సొంత సైడింగుల్లో (ఆవరణలోని సొంత పట్టాల మీద) సొంత ఇంజన్లు నడుపుకునే సిమెంట్, ఉక్కు కర్మాగారాలకూ, పోర్టులకూ ఇదే పద్ధతి వర్తించాలి.

రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలకూ, డివిజన్ల ప్రయాణికుల సలహా సంఘాల సభ్యులకూ నాదొక్కటే విన్నపం. వచ్చే మీటింగులో కొత్త హాల్టులతో పాటు ఈ ప్రశ్న కూడా వేయండి: మీ డివిజన్‌లో ఒక్కో షంటింగ్ ఇంజన్ పోయిన నెల ఎన్ని గంటలు పనిచేసింది, ఎన్ని గంటలు ఊరికే నడిచింది, ఎన్ని లీటర్లు తాగింది? జవాబు నోటిమాటగా కాకుండా కాగితం మీద తీసుకోండి.

ఇట్లు,
ఒక విశ్రాంత షంటింగ్ లోకో పైలట్