2024–25 వార్షిక నివేదిక: ఫుడ్‌బ్యాంక్ సేవ

సభ్యులందరికీ ప్రభువు నామమున వందనాలు.

క్రిస్మస్ కార్యక్రమం, పిల్లల తెలుగు క్లాసులు, వేసవి పిక్నిక్ ఎప్పటిలాగే బాగా జరిగాయి. ఫొటోలు వాట్సాప్ గ్రూపులో ఉన్నాయి కాబట్టి వాటి గురించి ఇక్కడ రాయడం లేదు. ఈ ఏడాది మన సహవాసం సమయం, కానుకలు, ఆ మాటకొస్తే మన కమిటీలో వాదనలు కూడా ఎక్కువగా ఖర్చయింది ఫుడ్‌బ్యాంక్ దగ్గరే, అంటే ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకు ఉచితంగా సరుకులిచ్చే చోట.

మొదట్లో చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే: ఇంగ్లండ్‌లో ఆకలేంటి? ఇదే ప్రశ్న పాతికేళ్ల కిందట ప్యాడీ హెండర్సన్‌కి కూడా ఎదురైంది. ఆయన, భార్య కరోల్ 1997లో ట్రస్సెల్ ట్రస్ట్ అనే సేవాసంస్థ పెట్టింది బల్గేరియాలో వీధిపాలైన పిల్లల కోసం. ఆ పనికి చందాలు పోగుచేస్తుంటే సాల్స్‌బరీలో ఒక తల్లి ఫోన్ చేసి, ఈ రాత్రి నా పిల్లలు పస్తు పడుకుంటున్నారు, దానికేం చేస్తారని నిలదీసిందట. అలా 2000లో వాళ్ల ఇంటి తోట షెడ్డులో, గ్యారేజీలో మొదటి ఫుడ్‌బ్యాంక్ మొదలైంది. తర్వాత అది దేశమంతటా ఫుడ్‌బ్యాంకుల నెట్‌వర్క్ అయింది. 2010–11లో ఆ నెట్‌వర్క్ ఇచ్చిన ఆహారపు పొట్లాలు 61 వేల పైచిలుకు. 2024–25లో దాదాపు 29 లక్షలు, అందులో పది లక్షలకు పైగా పిల్లలకే. ఇది గొప్పగా చెప్పుకునే పెరుగుదల కాదు. ఫుడ్‌బ్యాంకులు మూతపడే రోజు రావాలన్నదే వాళ్ల లక్ష్యం.

శనివారాల్లో మనవాళ్లు నిలబడే చర్చి హాలు ఆ నెట్‌వర్క్‌లోదే. స్కూలో, డాక్టరో, సలహా కేంద్రమో ఇచ్చిన వోచర్‌తో మనిషి వస్తాడు. కనీసం మూడు రోజులకు సరిపడా సరుకులు తీసుకెళ్తాడు. యూనివర్సల్ క్రెడిట్ అనే ప్రభుత్వ భృతికి దరఖాస్తు పెట్టుకుంటే మొదటి డబ్బు చేతికందడానికి ఐదు వారాలు పడుతుంది. ఇల్లు గడవనిది సరిగ్గా ఆ ఐదు వారాల్లోనే. కొందరు బంగాళాదుంపలు వద్దంటారు. గ్యాసుకీ కరెంటుకీ ముందే డబ్బు కట్టే మీటర్లు వాళ్లవి, ఉడికించడానికి వాటిలో డబ్బులుండవు. అలాంటివాళ్లకు వేడినీళ్లు పోస్తే చాలు తినగలిగే సరుకులతో కెటిల్ ప్యాక్ అని విడిగా కడతారు.

ఇక మన వాళ్ల సంగతి. వీసా మీద 'నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్' (ప్రభుత్వ భృతులకు అర్హత లేదు) అని ఉంటే ఫుడ్‌బ్యాంక్‌కి వెళ్లకూడదని, వెళ్తే వీసా పోతుందని మన విద్యార్థుల్లో, కేర్ వర్కర్లలో గట్టి భయం ఉంది. అది నిజం కాదు. ఫుడ్‌బ్యాంక్ సర్కారు సొమ్ము కాదు, దాతలది. వీసాకి స్పాన్సర్‌గా ఉన్న కంపెనీ లైసెన్సు పోయి, పని లేక, కొత్త స్పాన్సర్ దొరక్క నెలలు నెట్టుకొస్తున్న కుటుంబాలు మన ఆరాధనలోనే వెనక బెంచీల్లో కూర్చుంటున్నాయని మనకు తెలిసింది కూడా ఈ పని మొదలుపెట్టాకే. చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చిన మనిషి ఇంట్లో బియ్యం ఉన్నాయో లేవో ఎవరికి తెలుస్తుంది? సిగ్గుపడేవాళ్లకు వోచర్ సంగతి పాస్టర్ గారు గుట్టుగా చూస్తున్నారు. పేర్లు కమిటీకి కూడా చెప్పరు.

స్త్రీల సమాజం వారు మన ఊళ్ల పిడికెడు బియ్యం పద్ధతిని ఇక్కడ మళ్లీ మొదలుపెట్టారు. ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేయడం. ఉత్సాహంగా పోగుచేసి పట్టుకెళ్తే, విడి బియ్యం మేం తీసుకోం అన్నారు. సీలు తీయని ప్యాకెట్, దాని మీద తేదీ ఉండాలట. ఒక అక్కగారి ఆవకాయ జాడీ కూడా అదే కారణంతో వెనక్కి వచ్చింది. జాడీని కమిటీ సమావేశంలో ఖాళీ చేశాం, నష్టమేమీ లేదు. ఇప్పుడు పిడికెడు తీసిన బియ్యం ఇంటికే వాడుకుని, నెలాఖరున ఆ విలువకు సీలు ప్యాకెట్ కొని ఇస్తున్నారు. తప్పు మనవైపు ఇంకొకటి ఉంది: తేదీ దాటిన టిన్నులు. అల్మరా సర్దుకోవడం వేరు, కానుక వేరు. దయచేసి చూసి ఇవ్వండి. పాస్తా, బీన్స్ హాల్లో గుట్టలుగా ఉన్నాయి. కావలసినవి నిల్వ ఉండే పాలు, టిన్ను పండ్లు, టిన్ను మాంసం, జ్యూస్.

పెద్ద వాదన కరపత్రాల మీద వచ్చింది. ప్రతి సంచిలో ఒక సువార్త కరపత్రం పెడదామని కొందరు సభ్యులు పట్టుబట్టారు. వాళ్ల ఆసక్తిని తప్పుపట్టను. కానీ ఫుడ్‌బ్యాంక్ ఏ మతం వాళ్లకైనా ఏ షరతూ లేకుండా ఇవ్వాలన్న నియమంతో నడుస్తోంది. పైగా మనలో సగంమందివి ప్రకాశం, గుంటూరు జిల్లాలు. 1876–78 కరవులో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఏం చేశాడో మన ముత్తాతల కథే. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇవ్వమని జనం అడిగినా, సాయం పంచుతున్నన్నాళ్లూ ఇవ్వలేదు. కూటికోసం వచ్చారన్న మాట వాళ్ల మీద పడకూడదనుకున్నాడు. కరవు పనులు ముగిశాకే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ సంగతి పెద్దాయన ఒకరు లేచి చెప్పాక ఓటింగ్ అవసరం పడలేదు. కరపత్రాలు మన బల్ల మీద ఉంటాయి, అడిగినవాళ్లు తీసుకుంటారు. సంచిలోకి మాత్రం వెళ్లవు.

కోశాధికారి గారి లెక్కల పత్రం ఈ నివేదికతో పాటు వస్తోంది. వ్యాన్ పెట్రోలు ఖర్చు అంచనా దాటింది, ప్రశ్నలుంటే సర్వసభ్య సమావేశంలో అడగండి.

వచ్చే కోత పండుగకు ఎప్పటిలాగే కూరగాయల వేలం ఉంటుంది. వచ్చిన డబ్బంతా ఫుడ్‌బ్యాంక్‌కే. వేలంలో సొరకాయ ధర పెంచడంలో మీ పంతాలు మీవి, కమిటీ అడ్డుపడదు. శనివారం ఉదయం డ్యూటీకి ఇంకా ఇద్దరు కావాలి, వాళ్లలో ఒకరికి డ్రైవింగ్ వచ్చి ఉండాలి. టిన్ ఓపెనర్లు కూడా కొన్ని తెచ్చిపెట్టండి.

మీ కార్యదర్శి