పాత శాంట్రో ఉన్న మా కస్టమర్లకు: ఏ పని ముందు చేయించాలి, ఏది ఆపొచ్చు

కాకినాడలో మా షెడ్డుకి వచ్చే చిన్న కార్లలో ఇప్పటికీ శాంట్రోలే ఎక్కువండి. 1998లో వచ్చిన మొదటి మోడల్ అరుదైపోయింది గానీ, 2003 నుంచి 2014 దాకా అమ్మిన శాంట్రో జింగ్‌లు ఇంకా బాగానే తిరుగుతున్నాయి. వాటిలో చాలావాటికి 15 ఏళ్లు నిండాయి. "ఇంకా దీనిమీద పెట్టమంటారా, అమ్మేయమంటారా?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు. ఈ నెల నుంచి మా లేబర్ చార్జీలు కొంచెం పెంచుతున్నాం కూడా. అందుకని ఈ కారు సంగతి, మా రేట్ల సంగతి కలిపి చెబుతున్నాను.

అన్నిటికంటే ముందు టైమింగ్ బెల్టు. ఇంజన్లో పిస్టన్లు, వాల్వులు సరైన సమయానికి కదిలేలా కలిపి తిప్పే రబ్బరు బెల్టు ఇది. దాదాపు 60 వేల కిలోమీటర్లకు మార్చాలి. తెగేముందు చప్పుడు రాదు, పికప్ తగ్గదు, మీటర్లో లైటు వెలగదు. తెగిన క్షణంలో పైకొచ్చే పిస్టన్లు తెరిచి ఉన్న వాల్వులకు తగిలి, వాల్వులు వంగిపోతాయి. ఇక హెడ్డు, అంటే వాల్వులుండే ఇంజన్ పైభాగం, దించి లేత్ షాపుకి పంపాల్సిందే. బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, వాటర్ పంపు మూడూ కలిపి మార్చినా మా దగ్గర 5 నుంచి 6 వేలలో అయిపోతుంది. తెగాక వస్తే 18 వేలకు తక్కువ కాదు. వాటర్ పంపు కూడా మార్చమనేది బిల్లు పెంచడానికి కాదండి. తర్వాత పంపు ఒక్కటీ లీకైతే ఇదంతా మళ్లీ విప్పాలి, లేబర్ మళ్లీ పడుతుంది.

"మా కారు నెలకు వంద కిలోమీటర్లు కూడా తిరగదు" అంటారు కొందరు, ముఖ్యంగా పిల్లలు దూరాన ఉండి ఇంటి దగ్గర కారు ఖాళీగా ఉంచిన పెద్దవాళ్లు. తిరగకపోయినా రబ్బరు గట్టిపడి పగుళ్లు ఇస్తుంది. ఆరేళ్లు దాటిందంటే మీటర్ ఎంత చూపించినా మార్చేయండి. పక్కనున్న సీలు నుంచి బెల్టు మీదకి ఆయిల్ కారుతుంటే అన్నేళ్లు కూడా ఆగదు.

రెండోది ఇంజన్ హీటెక్కడం. ఈ రేడియేటర్‌కి మధ్యభాగం అల్యూమినియం, రెండు చివర్లా ప్లాస్టిక్ ట్యాంకులు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ప్లాస్టిక్ పెళుసై జాయింటు దగ్గర చిట్లుతుంది. బోరు నీళ్లు పోస్తూ వచ్చిన కార్లలో లోపల ఉప్పు పేరుకుని దారులు మూసుకుపోతాయి. కొత్త రేడియేటర్, కూలెంట్, లేబర్ కలిపి 4,500 దాకా అవుతుంది. హీటెక్కిన బండిని "ఇంటిదాకా పోనిద్దాం" అని నడిపితే హెడ్డు వంగుతుంది, దాని కింద సీలులా ఉండే గాస్కెట్ పోతుంది, ఖర్చు మూడింతలు దాటుతుంది. మీటర్లో టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు కదిలిందంటే పక్కకు ఆపి ఫోన్ చేయండి, మేమే వస్తాం.

ఇక్కడ ఇంకో మాట. హీటెక్కుతోందని థర్మోస్టాట్, అంటే వేడిని బట్టి కూలెంట్ దారిని తెరిచే మూసే వాల్వు, తీసి పారేసిన కార్లు మా దగ్గరికి చాలా వస్తున్నాయి. అది తీసేస్తే ఇంజన్ వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అసలు లోపం అలాగే ఉండిపోతుంది. మేం తీయం. తీసేసి ఉంటే కొత్తది పెడతాం.

ఏసీ దగ్గర మాత్రం కాస్త ఆగండి. ప్రతి ఎండాకాలం గ్యాస్ నింపించుకుని జూన్‌కల్లా మళ్లీ చల్లగా లేదంటున్నారంటే ఎక్కడో లీకుంది. చాలాసార్లు అది కూలింగ్ కాయిల్. డాష్‌బోర్డు విప్పితేగాని చేతికి అందదు కాబట్టి గ్యాస్‌తో కలిపి 7 వేల పైమాటే. బెల్టు, రేడియేటర్ సరిగ్గా ఉన్నాకే ఈ డబ్బు పెట్టండి. క్లచ్ సెట్టు 6,500, ముందు షాక్ అబ్జార్బర్లు జత 5 వేలు. యాక్సిల్ జాయింటు మీది రబ్బరు తొడుగు, అంటే యాక్సిల్ బూటు, చిరిగితే వెంటనే 500తో మార్పించండి, లేకపోతే గ్రీజు పోయి జాయింటే అరిగిపోతుంది.

అమ్మాలా ఉంచాలా అన్నది తేల్చేది ఇంజన్ కాదు, తుప్పు. మనది సముద్రం ఊరు. కారును లిఫ్టు మీద ఎత్తి ఫ్లోరు, డోర్ల కింది అంచులు, వెనక చక్రాల దగ్గర బాడీ చూస్తాం. పైపైన ఉంటే టింకరింగ్ చేయించి పెయింటు వేయొచ్చు. స్క్రూడ్రైవరు తోస్తే రేకు లోపలికి దిగిపోతోందంటే, ఇంజన్ ఎంత బాగున్నా ఇక పెద్ద ఖర్చు వద్దనే చెబుతాను. అలా చెబితే ఆ పని నా చేతికి రాదు. అయినా అతుకుల ఫ్లోరు మీద మీ కుటుంబం కూర్చోవడం నాకు ఇష్టం లేదు.

లెక్కలో కాగితాల ఖర్చూ వేసుకోండి. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5 వేలు. 20 ఏళ్లు దాటితే 2025 ఆగస్టులో దాన్ని 10 వేలు చేశారు. ఇంకోవైపు 2025 సెప్టెంబర్ 22 నుంచి, 28 శాతం ఉన్న స్పేర్ పార్టుల జీఎస్టీ 18కి దిగింది. ఆ తేడా మా బిల్లుల్లో అప్పటి నుంచే తగ్గించాం. ఇప్పుడు పెంచుతున్నది లేబర్ ఒక్కటే, పదిశాతం. అనుభవమున్న పనివాళ్లకు షోరూముల్లో ఎక్కువ జీతాలిస్తున్నారు, వాళ్లను నిలబెట్టుకోవాలంటే నేనూ ఇవ్వాలి. పై రేట్లలో ఆ పెంపు కలిసే ఉంది.

పార్టులు విజయవాడ ఆటోనగర్ నుంచి తెప్పిస్తున్నాం. పాత బండ్లలో విప్పిన డోరు, అద్దం, సీటు అయితే నిశ్చింతగా వేయించుకోండి, డబ్బు మిగులుతుంది. వాడిన బెల్టు, బ్రేకు సామాను మాత్రం మీరు తెచ్చిచ్చినా బిగించం.

వచ్చేటప్పుడు ఆర్సీ, టైమింగ్ బెల్టు చివరిసారి మార్చిన బిల్లు తెచ్చుకోండి. బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకుని చూస్తాం. వీలైతే రాత్రే కారు వదిలి వెళ్లండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి కూలెంట్ చూడగలం. ఎస్టిమేట్ కాగితం మీద రాసిచ్చి, మీరు సరే అన్నాకే స్పానర్ పడతాం.