మిర్చి లారీ, ముప్పై నాలుగు అక్షరాల అడ్రసు

గుంటూరు,
ఆదివారం

ఒరేయ్ సత్యం,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు మిర్చి యార్డులో ఉన్నాను. బేరాలు సాగే టైము. చుట్టూ టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, గాల్లో ఘాటు. ముప్పై ఏళ్ళ నుంచీ ఈ వ్యాపారంలో ఉన్నా సీజన్లో మొదటి వారం తుమ్మకుండా ఉండలేను. సరిగ్గా అప్పుడే నువ్వు "మీ ఎగుమతి వాళ్ళు ఇంకా డాలర్లు పట్టుకుని వేళ్ళాడటమేంట్రా, క్రిప్టోలో తీసుకుంటే పోలా?" అన్నావు. తర్వాత చెప్తానని పెట్టేశాను. కోపమొచ్చి కాదురా. నువ్వడగడానికి నాలుగు వారాల ముందే ఆ ప్రశ్న ఇంకోచోటి నుంచి వచ్చి నా నెత్తిమీద కూర్చుని ఉంది. అది ఫోన్లో తేలే వ్యవహారం కాదు, అందుకే ఈ ఉత్తరం. మీవాడు పంపే క్రిప్టో వీడియోల సంగతి తర్వాత, ముందు నా గోల విను.

ఢాకా పార్టీ ఒకాయన ఉన్నాడు, పేరెందుకులే. ఏడేళ్ళ నుంచి మా దగ్గర తేజ రకం మిర్చి తీసుకుంటాడు. మాట మనిషి. ఆయన రాత్రి పదింటికి వాట్సాప్‌లో "భాయ్ సాబ్, ఈసారి రెండు లారీల డబ్బు యూఎస్‌డీటీలో తీసుకుంటారా? దుబాయ్‌లో మా బావమరిది ఉన్నాడు, పది నిమిషాల్లో పంపేస్తాడు" అని పెట్టాడు. యూఎస్‌డీటీ అంటే ఒక్కోటి ఒక డాలరుతో సమానమని చెప్పే క్రిప్టో నాణెం. పాపం, ఆయన బాధ ఆయనది. 2021 ఆగస్టులో 4,800 కోట్ల డాలర్ల దాకా ఎక్కిన బంగ్లాదేశ్ విదేశీ డబ్బు నిల్వలు ఆ తర్వాత మూడేళ్ళలో దాదాపు సగానికి జారాయి. డాలర్లు లేకపోతే అక్కడి బ్యాంకు ఎల్‌సీ తెరవదు, అంటే కాగితాలు సరిగ్గా ఉంటే సరుకు డబ్బు నేనిస్తానని రాసిచ్చే హామీ. ఎల్‌సీ లేకపోతే మన లారీ సరిహద్దులో మన పెట్రాపోల్ గేటు దాటి వాళ్ళ బెనాపోల్‌లో అడుగు పెట్టదు. ఆయన దగ్గర టాకాలు బోలెడున్నాయి, కొట్లో సరుకు నిండుకుంది, మధ్యలో లేనిది డాలరొక్కటే.

2022లో శ్రీలంక సంగతి గుర్తుందా? ఏప్రిల్‌లో అప్పులు కట్టలేమని చేతులెత్తేశారు. కొలంబో రేవులో తిండిసరుకు కంటైనర్లు డాలర్లు లేక ఊరికే పడున్నాయి. కొనేవాడికి ఆకలుంది, అమ్మేవాడి దగ్గర సరుకుంది, ఇద్దరి మధ్యా అమెరికా వాడి కాగితం లేదని బేరం ఆగింది. అప్పుడు నేనూ నీలాగే తిట్టుకున్నాను. వీళ్ళకీ మనకీ మధ్య మూడోవాడి డబ్బెందుకని.

ఆ ప్రశ్న కొత్తదేమీ కాదనుకో. 1944లో ప్రపంచ డబ్బు లెక్కలు తేల్చడానికి బ్రెటన్‌వుడ్స్‌లో 44 దేశాలు కూర్చోకముందే, బ్రిటన్ ఆర్థికవేత్త కీన్స్ 'బాంకోర్' అని ఏ దేశానిదీ కాని డబ్బొకటి పెడదామన్నాడు. అమెరికా ఒప్పుకోలేదు. ఎందుకొప్పుకుంటుంది?

అంత దూరం ఎందుకు, మీ బందరే ఉందిగా. పోయినేడు నువ్వు నన్ను డచ్చివాళ్ళ గోరీల దగ్గరికి తీసుకెళ్ళి గంటన్నర పాఠం చెప్పావు, ఆ ఎండలో. 1605లో వాళ్ళక్కడ కొట్టు పెట్టారని, జపాన్ వెండీ రాగీ తెచ్చి మన బట్టలు కొని, ఆ బట్టలు పట్టుకెళ్ళి మసాలా దీవుల్లో జాజికాయా లవంగాలూ కొనేవారని. స్పెయిన్ వాడి వెండి నాణెమైనా సరాఫు, అంటే నాణేలు మార్చే షావుకారు, దాని మీద బొమ్మ ఎవరిదని అడగడు, తూకమెంత, వన్నె ఎంత అని చూస్తాడు, గీటురాయి మీద గీస్తాడు అన్నావు. ఇప్పుడు ఈ క్రిప్టో కుర్రాళ్ళు కనే కల అదేరా. రాజు బొమ్మ లేని డబ్బు. గీటురాయి బదులు లెక్కల చిక్కుముడి. 2008 అక్టోబరు 31న సతోషి నకమోతో అనే పేరుతో ఎవరో బిట్‌కాయిన్ అనే డబ్బు గురించి తొమ్మిది పేజీల కాగితం వదిలారు. 2009 జనవరిలో అది నడక మొదలెట్టింది. 2 కోట్ల 10 లక్షల నాణేలకి మించి పుట్టవు. ఏ రిజర్వు బ్యాంకూ అచ్చేసుకోలేదు. కల మంచిదే, కాదనను.

సరే, పార్టీ మెసేజ్ వచ్చిన మర్నాడు శనివారం. మా అక్క కొడుక్కి ఇలాంటివి తెలుసు కదా అని పిలిచాను. రాత్రి పదకొండింటికి కోల్డ్ స్టోరేజీ ఆఫీసు గదిలో కూర్చున్నాం. వాడు ఫోన్ తీసి "చూడు మావయ్యా, ఇరవై యూఎస్‌డీటీ మా ఫ్రెండుకి పంపుతున్నా" అన్నాడు. అడ్రసంటే ఇంటి నంబరనుకున్నాను. కాదు, 'టి'తో మొదలయ్యే ముప్పై నాలుగు అక్షరాల చాంతాడు. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, అంకెలు కలగలిపి. వాడు దాన్ని అతికించి, మొదటి నాలుగూ చివరి నాలుగూ వేలు పెట్టి సరిచూసి, మీట నొక్కాడు. నా గ్లాసులో టీ చల్లారకముందే అవతలి కుర్రాడు "వచ్చాయి" అన్నాడు. శనివారం రాత్రి! ఏ బ్యాంకు తెరిచుంటుంది ఆ టైముకి?

చెప్పొద్దూ, నాకు కడుపు మండింది. క్రితం ఏడు ఒక బ్యాంకు నా కాగితాలు వెనక్కి పంపింది. కారణం, ఎల్‌సీలో 'డ్రై రెడ్ చిల్లీస్' అనుంటే నా ఇన్‌వాయిస్‌లో 'డ్రైడ్ రెడ్ చిల్లీస్' అని పడిందట. ఎండు మిరపకాయకీ ఎండిన మిరపకాయకీ తేడా ఏంట్రా? ఆ ఒక్క ముక్కకి పదహారు రోజులు ఆగాను, పైగా జరిమానా కూడా నాకే. ఇక్కడేమో ఇరవై డాలర్లు టీ తాగేలోపు అటు వెళ్ళిపోయాయి.

ఆ రాత్రి పార్టీకి 'సరే' అని టైపు చేశాను కూడా. పంపలేదు. మావాడే ఆపాడు. "నేను మొదటి నాలుగూ చివరి నాలుగే చూశాను కదా మావయ్యా, అందరూ అంతే చూస్తారు, మధ్య అక్షరాలు ఎవరూ చూడరని దొంగలు ఆ చివర్లు అచ్చం అలాగే ఉండే అడ్రసులు తయారుచేస్తారు. 2024 మేలో ఒకాయన అలాగే 6 కోట్ల 80 లక్షల డాలర్లు తప్పు అడ్రసుకి పంపేశాడు" అన్నాడు. అందులో చాలా భాగం తర్వాత తిరిగొచ్చిందట, అదృష్టవంతుడు. మరి నువ్వు చూసింది సరిపోతుందా అనడిగితే నవ్వాడు. బ్యాంకు వాడు ఒక్క అక్షరానికి నన్ను ఏడిపించాడని ఇందాక తిట్టానా? ఇక్కడ తప్పు అడ్రసుకి వెళ్తే ఏడవడానికి కౌంటరే లేదు.

సోమవారం బ్యాంకులో మన పాత మేనేజరు కనిపిస్తే ఊరికే అడిగినట్టు అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి నా వంక చూశాడు. సరుకు దేశం దాటిందంటే షిప్పింగ్ బిల్లు రిజర్వు బ్యాంకు లెక్కలో ఎక్కుతుంది. గడువులోగా డబ్బు అనుమతి ఉన్న బ్యాంకు ద్వారా రావాలి, ఆ బ్యాంకు సర్టిఫికెట్ ఇస్తేనే ఆ బిల్లు మూతపడుతుంది. యూఎస్‌డీటీ నా ఫోన్లోకి వచ్చినా ఆ లెక్కలో నేను డబ్బు రాబట్టుకోలేని వాణ్ణే. తర్వాత జీఎస్టీ రిఫండు దగ్గర నిలదీస్తారు. అది చాలదన్నట్టు క్రిప్టో అమ్మితే లాభం మీద 30 శాతం పన్ను, అమ్మకం మీద ఒక శాతం కోత. ఒకదాంట్లో నష్టం ఇంకోదాంట్లో సర్దుకోనివ్వరు. 2022 నుంచీ ఇదే లెక్క. 2018లో రిజర్వు బ్యాంకు బ్యాంకుల్ని వీటి జోలికే పోవద్దంది, 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. కొట్టేసింది కదా అని దాంతో ఎగుమతి బిల్లు చెల్లుతుందని కాదు.

చట్టం సంగతి పక్కన పెట్టు. ఏ చట్టమూ అడ్డు లేదనుకుందాం, అప్పుడు మాత్రం ఏమవుతుంది? నాకు రైతుకివ్వాల్సింది రూపాయలు. హమాలీలకి, తొడాలు తీసే ఆడవాళ్ళకి, లారీ కిరాయికి, కోల్డ్ స్టోరేజీకి, అన్నిటికీ రూపాయలే. బిట్‌కాయినొచ్చినా బంగారమొచ్చినా శనివారం కూలి టైముకి అది రూపాయి కావాలి. మీ బందర్లో డచ్చివాడి వెండి కూడా చివరికి ఊళ్ళో చెల్లే నాణెంగా మారితేగానీ నేతగాడి చేతికి రాలేదు గదా? పన్ను ఏ నాణెంలో కట్టమంటే ఊరు ఆ నాణెంలోనే బతుకుతుంది.

మరి డబ్బు అటునుంచి ఇటు దాటి రూపాయిగా మారే ఆ రెండు నిమిషాల వంతెనకి బిట్‌కాయినైతేనేం అంటావు. వంతెన రెండు నిమిషాలేగానీ బేరం మూడు నెలలదిరా. ఇవాళ రేటు మాట్లాడుకుంటాం, సరుకు గ్రేడు చేసి, లారీ ఎక్కించి, దింపుకుని, డబ్బొచ్చేసరికి కాలం గడుస్తుంది. 2021 నవంబరులో 69,000 డాలర్ల దగ్గరున్న బిట్‌కాయిన్ ఏడాది తిరిగేసరికి 16,000 దగ్గర కూర్చుంది. మిర్చి రేటే మమ్మల్ని చాలదా ఏడిపించడానికి? 2025 ఫిబ్రవరిలో ధర ఎంతగా పడిపోయిందంటే కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలని ఒక అంకె ప్రకటించాల్సి వచ్చింది. సరుకూ ఊగి, డబ్బూ ఊగితే మేం దేన్ని పట్టుకుని నిలబడాలి? మధ్య అమెరికాలోని చిన్న దేశం ఎల్‌సాల్వడార్ 2021 సెప్టెంబరులో బిట్‌కాయిన్ని చట్టబద్ధమైన డబ్బు చేసింది. ఐఎంఎఫ్ దగ్గర 140 కోట్ల డాలర్ల అప్పు కావాల్సొచ్చేసరికి 2025 జనవరిలో, తీసుకుని తీరాలన్న నిబంధన ఎత్తేసింది.

అందుకే వ్యాపారులెవరూ బిట్‌కాయిన్ అడగట్లేదు, గమనించావా? మా ఢాకా ఆయన అడిగింది యూఎస్‌డీటీ. అంటే ఏంటి? ఒక కంపెనీ, నాణేనికో డాలరు చొప్పున దాచి ఇస్తానని చెప్పే చీటీ. ఆ దాచిన డబ్బులో 10,000 కోట్ల డాలర్లకు పైగా అమెరికా ప్రభుత్వ బాండ్లలోనే ఉంది. అంటే ఢాకాలో మిర్చి వ్యాపారి డాలర్లు దొరక్క వాడే చీటీ, తిరిగి వాషింగ్టన్‌కే అప్పిస్తోంది! డాలరు పీడ వదుల్తుందని మీవాడు మురిసిపోతున్నాడు గానీ, డాలరు చొక్కా మార్చుకుని దొడ్డిదారిన వస్తోందిరా. వాళ్ళకీ ఆ సంగతి తెలిసినట్టే ఉంది. 2025 జులైలో ట్రంప్ సంతకం పెట్టిన చట్టం ఇలాంటి చీటీలకి నాణేనికి నాణెం డాలర్లో, దగ్గరి గడువు బాండ్లో చూపించమంటోంది. పైగా ఆ కంపెనీ తల్చుకుంటే ఏ అడ్రసులో చీటీలైనా కదలకుండా బిగించేయగలదు. దాని తోటి చీటీ యూఎస్‌డీసీ ఉంది చూడు, 2023 మార్చిలో ఒక అమెరికా బ్యాంకు మునిగితే అందులో దాని 330 కోట్ల డాలర్లు ఇరుక్కుని, రెండు రోజుల పాటు డాలరు చీటీ డాలరుకి తగ్గి, ఒక దశలో 90 సెంట్ల కిందికి దిగింది. సోమవారానికి లేచిందనుకో. ఆ శనివారం నా డబ్బు అందులో ఉంటే నేను లేచేవాణ్ణి కాదు.

కానీ బయటి బ్యాంకులు తలుపులు మూసేసిన దేశాల లెక్క వేరు, అది ఒప్పుకోవాలి. ఇరాన్ 2022 ఆగస్టులో కోటి డాలర్ల దిగుమతికి క్రిప్టోలో ఆర్డరిచ్చామని చాటింపు వేసుకుంది. రష్యా బ్యాంకుల్ని స్విఫ్ట్ నుంచి, అంటే దేశాల బ్యాంకులు ఒకదానికొకటి చెల్లింపు కబుర్లు పంపుకునే వ్యవస్థ నుంచి గెంటేసి, 30,000 కోట్ల డాలర్ల నిల్వలు బిగించేశాక, వాళ్ళు 2024 ఆగస్టులో విదేశీ వ్యాపారానికి క్రిప్టో వాడుకోవచ్చని చట్టం చేశారు. ఊళ్ళో కూరగాయలకి మాత్రం వాడకూడదట! మన రూపాయలు తీసుకోమంటే వాళ్ళేమన్నారో గుర్తుందా? 2023లో గోవా వచ్చినప్పుడు రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్, కోట్లకొద్దీ రూపాయలు మీ బ్యాంకుల్లో పోగుపడ్డాయి, వాటితో ఏం చేసుకోవాలన్నట్టు మాట్లాడాడు. మనం వాళ్ళ దగ్గర ముడి చమురు కొన్నంత వాళ్ళు మన దగ్గర ఏమీ కొనరు. అక్కడ తిరకాసు నాణెంలో లేదురా, బేరంలో ఉంది. ఒకవైపే అమ్మకం ఉంటే ఏ నాణెమైనా అవతలివాడి ఇంట్లో చెత్తలాగే పేరుకుంటుంది.

నా పార్టీ సంగతి చెప్పలేదు కదూ. "యూఎస్‌డీటీ మా వల్ల కాదు భాయ్, రెండు లారీలొద్దు, ఒక లారీకైనా ఎల్‌సీ తెప్పించు" అన్నాను. మూడు వారాలు పట్టింది. నిన్న వచ్చింది. చదివితే 'చిల్లీస్'లో ఒక 'ఎల్' తక్కువ. దిద్దమంటే మళ్ళీ పది రోజులు, మళ్ళీ రుసుము. అందుకని మా గుమాస్తాతో ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, అన్నీ ఒక 'ఎల్' తగ్గించే కొట్టించాను. వాడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. లారీ రేపు రాత్రి కదుల్తుంది.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. ఈ నెలాఖరుకి మీ చెల్లెలూ నేనూ బందరొస్తున్నాం, ఈసారి గోరీల దగ్గరికి మాత్రం సాయంత్రం తీసుకెళ్ళు. తేజ కారం రెండు కిలోలు ఆడించి ఉంచాను. లడ్డు నువ్వు చూసుకో.

నీ
ప్రసాదు