పది నిమిషాలు ఆపకుండా రాయనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

నేను ఎం.ఏ. ఎకనామిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. కాలేజీల్లో ఇప్పుడు అందరినీ ప్రాజెక్టులు, పరిశోధన వ్యాసాలు రాయమంటున్నారు. దేని మీద రాయాలో ఎలా తేల్చుకోవాలన్నది మాత్రం ఎవరూ చెప్పడం లేదు. ఆ బాధ పడి బయటపడ్డదాన్ని కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాకు క్లాసులో ఒక లిస్టు చదివారు. బ్యాంకుల విలీనం, జీఎస్టీ ప్రభావం, డిజిటల్ చెల్లింపులు, ఇలాంటివి. రోల్ నంబర్ల వరసలో నాకు బ్యాంకుల విలీనం వచ్చింది. రెండు వారాలు నెట్‌లో దొరికిందల్లా చదివాను. నాదంటూ ఒక్క పేరా రాయలేకపోయాను. టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. తోటివాళ్లు కొందరు జిరాక్స్ షాపులో సీనియర్ల రిపోర్టు తీసుకుని, పేరూ సంవత్సరమూ మార్చి స్పైరల్ బైండింగ్ చేయించేశారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. తమకు పుట్టని ప్రశ్నకు జవాబు తెమ్మంటే ఎక్కడి నుంచి తెస్తారు?

డిగ్రీలో మాకు తెలుగు చెప్పిన మేడమ్ దగ్గరికి వెళ్లి ఏడ్చినంత పని చేశాను. ఆవిడ నాలుగు తెల్లకాగితాలు చేతికిచ్చి, ఫోన్‌లో పది నిమిషాలకు అలారం పెట్టారు. "పెన్ను ఎత్తకుండా రాయమ్మా. కొట్టేయొద్దు, వెనక్కి చదవొద్దు. ఏమీ తోచకపోతే ‘ఏమీ తోచడం లేదు’ అనే రాస్తూ ఉండు, ఇంకో మాట వచ్చేదాకా. ఇంగ్లీషు వద్దు, మీ ఇంట్లో మాట్లాడుకున్నట్టే రాయి" అన్నారు. దీన్ని ఫ్రీరైటింగ్ అంటారనీ, అమెరికాలో పీటర్ ఎల్బో అనే అధ్యాపకుడు 1973లో రాసిన పుస్తకంతో ఇది బాగా వ్యాపించిందనీ తర్వాత చెప్పారు.

మొదటి నాలుగైదు వరసలూ ‘ఏమీ తోచడం లేదు’తోనే నిండాయి. తర్వాత బ్యాంకుల మీద విసుగు, ఆలస్యంగా వచ్చిన బస్సు, హాస్టల్ ఫీజు. ఫీజు అని రాయగానే నాన్న గుర్తొచ్చారు. పోయినేడు నా ఫీజు కోసం నాన్న పచ్చి కొబ్బరికాయ వచ్చిన ధరకే అమ్మేశారు. అదే నెలలో మా వీధి చివర పెద్ద రైతు ఇంట్లో కాయ అటక మీద కురిడి అవుతోంది. అలారం మోగేసరికి ‘అటక’ అన్న మాట ఐదుసార్లు పడింది. నేను గమనించనే లేదు. మేడమ్ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి, "ఇప్పుడు ఈ ఒక్క మాట మీద ఇంకో పది నిమిషాలు" అన్నారు.

కోనసీమ బయటివాళ్ల కోసం చెబుతాను. కాయను డొక్కతోనే అటకెక్కించి ఎనిమిది పది నెలలు ఉంచితే లోపలి నీరు ఇంకిపోతుంది. కొబ్బరి గుండు చిప్పను వదిలి, ఊపితే గలగలలాడుతుంది. అదే కురిడి. అంబాజీపేట మార్కెట్‌లో గండేరా, గటగట అని రకాలవారీగా ధర చెబుతారు. పచ్చికాయ కంటే రేటు బాగా పలుకుతుంది, కానీ అన్ని నెలలు డబ్బు చేతికి రాకపోయినా గడిచే ఇల్లు కావాలి. అటకా కావాలి. 1996 నవంబరు తుపానుకు మా పెంకుటిల్లు పడిపోయిందనీ, తర్వాత వేసుకున్న చిన్న డాబాకు అటక లేకుండా పోయిందనీ మామ్మ ఎన్నిసార్లు చెప్పిందో! రెండో కాగితంలో అదంతా వచ్చేసింది. చివరి వరస ఇలా ఉంది: ‘కాయను ఆపగలిగేది ఎవరు, ఆపలేనిది ఎవరు?’ నా వ్యాసానికి అంశం అదే అయింది.

రాసిందంతా నిజమైపోదని కూడా చెప్పాలి. అటక లేకపోవడమే కారణమని నేను గట్టిగా నమ్మాను. తీరా ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి అడిగితే, అటక ఉండి కూడా ఖాళీగా ఉన్న ఇళ్లు కనిపించాయి. వ్యాపారి దగ్గర ముందే అడ్వాన్సు తీసుకున్నవాళ్లు చెట్ల మీది నుంచి దింపగానే కాయ ఇచ్చేయాలి. ఆ సంగతి నా కాగితాల్లో ఎక్కడా లేదు. అవి నాకు ప్రశ్న ఇచ్చాయి, జవాబు కోసం తిరగాల్సి వచ్చింది. కానీ ప్రశ్న నాది కాబట్టి తిరగబుద్ధయింది.

నా రూమ్మేట్‌ది నర్సాపురం వైపు. వాళ్లమ్మ లేసు అల్లుతుంది. పీసుకి ఎంతిస్తారో, మధ్యలో ఏజెంటు ఎంత ఉంచుకుంటాడో ఆ పిల్ల నోటికి చెబుతుంది. అయినా అది రాసింది డిజిటల్ చెల్లింపుల మీద, రోల్ నంబరు అలా పడింది కనుక! ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కష్టంగా ఉంటుంది.

అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే. లిస్టు చదివే ముందు ఒక్క పీరియడ్ ఇవ్వండి. వ్యాసం ఇంగ్లీషులో రాయాల్సి ఉన్నా ఈ పది నిమిషాలు తెలుగులో రాయనివ్వండి. ఆ కాగితాలు అడిగి తీసుకోకండి, మార్కులు వేయకండి. ఎవరో దిద్దుతారని తెలిస్తే చెయ్యి బిగుసుకుపోతుంది, ఫీజు గురించీ నాన్న గురించీ ఎవరూ రాయరు. మీ పత్రిక విద్యా పేజీలో కూడా ప్రాజెక్టులు మొదలయ్యే రోజుల్లో ఈ పద్ధతి గురించి రాస్తే చాలామందికి చేరుతుంది.

వచ్చే శనివారం మా జూనియర్లను కూర్చోబెట్టి నేనే రాయిస్తున్నాను. తెల్లకాగితాలు మేడమ్ తెస్తానన్నారు.

ఇట్లు,
ఒక ఎం.ఏ. విద్యార్థిని,
అంబాజీపేట మండలం, కోనసీమ జిల్లా