మిర్చి వైరస్‌కి మందు అని రాయకండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం మీ వ్యవసాయం పేజీలో మిర్చి గురించి వేశారు కదా, "బొబ్బర వైరస్‌ను చంపే మందులు" అని పెద్ద హెడ్డింగ్ పెట్టి, దాని గురించే ఈ ఉత్తరం. బొబ్బర అంటే మిర్చి ఆకులు ముడుచుకుపోయే తెగులు. నేను నరసరావుపేటలో ల్యాబ్ టెక్నీషియన్ని, మా నాన్న రెండెకరాలు మిర్చి వేస్తాడు. ఆ ముక్క కత్తిరించి జేబులో పెట్టుకుని మందుల షాపుకి పోయాడు, షాపాయన ఒక డబ్బా చేతిలో పెట్టి "రెండు సార్లు కొట్టు, వైరస్ మొత్తం పోయిద్ది" అన్నాడంట. 1200 పోయాయి, కొట్టినందుకు కూలి వేరే, వైరస్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

అసలు చంపాలంటే అది బతికుండాలి కదండీ.

2020లో కోవిడ్ శాంపిల్స్ గుట్టలుగా వస్తున్నప్పుడు ఒక నైట్ షిఫ్ట్‌లో నిద్రమత్తులో ఒక వరస ట్యూబులకి ఎంజైమ్ మిక్స్, అంటే వైరస్ జన్యువుని కాపీలు తీసేది, వేయడం మర్చిపోయా. మిగతావన్నీ వేశా, ఆ వరసలో పాజిటివ్ కంట్రోల్ కూడా ఉంది, అంటే అందులో వైరస్ జన్యువు ముక్క గ్యారంటీగా ఉన్న ట్యూబు. మెషిన్ 40 సైకిల్స్ తిరిగింది, తెల్లారి చూస్తే, కాపీలు పెరిగితే స్క్రీన్ మీద పైకి లేవాల్సిన గీత నేలకి ఆనుకునే ఉంది. కాపీ చేసేవాడు లేకపోతే జన్యువు ఒక్కటే ఏమీ చేయలేదు, మళ్ళీ మొత్తం చేయాల్సొచ్చి ఇన్‌ఛార్జ్ చేత తిట్లు కూడా తిన్నాననుకోండి, కానీ వైరస్ అంటే ఏంటో చదువుకున్నప్పటి కంటే ఆ రోజే బాగా బుర్రకెక్కింది. వైరస్ అంటే కొంచెం డీఎన్ఏనో ఆర్ఎన్ఏనో, దాని మీద ప్రొటీన్ తొడుగు. తిండి తినదు, ఊపిరి పీల్చదు, సొంతంగా ఒక్క ప్రొటీన్ తయారు చేసుకోలేదు. 1935లో అమెరికాలో స్టాన్లీ అనే ఆయన పొగాకు మొక్కకి వచ్చే మొజాయిక్ వైరస్‌ని పటికబెల్లం లాగా స్ఫటికాలుగా తీసి చూపించాడు, ఆ స్ఫటికాలని మళ్ళీ ఆకుకి రుద్దితే రోగం వచ్చింది.

మన మిర్చికి బొబ్బర తెచ్చే జెమిని వైరస్ అయితే మరీ పిసరంత. మిర్చి మొక్క జన్యువుల ఒక్క సెట్‌లో డీఎన్ఏ అక్షరాలు, అవే ఎ టి జి సి, 300 కోట్ల పైన ఉంటాయి, మనిషి కంటే ఎక్కువే. ఈ వైరస్‌కి ఉన్నవి సుమారు 2,700, ఇంచుమించు ఈ ఉత్తరమంత. అది కూడా గుండ్రంగా ఒక రింగు, దాని మీద తొడుగు చూస్తే రెండు పళ్ళు అతుక్కున్న కవల అరటిపండులా ఉంటుంది, జెమిని అనే పేరు అందుకే వచ్చింది. ఇంత తక్కువ చోట్లో ఆరేడు ప్రొటీన్ల సమాచారం ఎలా ఇరికించిందీ అంటే, మాకు హైస్కూల్లో తెలుగు మాస్టారు ద్వ్యర్థి కావ్యం గురించి చెప్పేవారు, ఒకే పద్యం ఒకలా విడగొడితే రామాయణం ఇంకోలా విడగొడితే భారతం అని. కణం డీఎన్ఏ సమాచారాన్ని మూడేసి అక్షరాలుగా చదువుతుంది, ఒక అక్షరం జరిపి మొదలుపెడితే అదే వరసలో ఇంకో ప్రొటీన్ వస్తుంది, ఈ వైరస్ కొన్ని చోట్ల సరిగ్గా అదే చేస్తుంది. నాకు తెలిసి ఇంత పొదుపు మా అమ్మ దగ్గర కూడా లేదు.

తెల్లదోమ ఆకు అడుగున కూర్చుని రసం పీల్చేటప్పుడు ఈ రింగు మొక్క కణంలోకి దిగుతుంది. డీఎన్ఏ కాపీ చేసే ఎంజైమ్ దీని దగ్గర లేదు. మొక్కలో ఎదగడం అయిపోయిన కణాలు కూడా ఆ పని ఆపేసి ఉంటాయి. అప్పుడు వైరస్ ఏం చేస్తుందంటే ముందు రెప్ అనే ఒక ప్రొటీన్ తయారు చేయించుకుని, దాంతో ఆ కణాన్ని నిద్రలేపి, ఆపేసిన కాపీ పని మళ్ళీ మొదలుపెట్టిస్తుంది, కాకపోతే ఈసారి కాపీ అయ్యేది వైరస్ రింగు. మొక్క ఊరికే ఉండదు, వైరస్ ఆర్ఎన్ఏని ముక్కలుగా కోసేస్తుంది, దాన్ని ఆపడానికి కూడా వైరస్ దగ్గర ప్రొటీన్ ఉంది.

ఇప్పుడు చెప్పండి, మందు దేన్ని కొట్టాలి? కాపీ మెషిన్ని ఆపితే మొక్కే పోతుంది, అది మొక్కదే కాబట్టి. హెచ్ఐవీకి మందులున్నాయిగా అంటారేమో, ఆ వైరస్‌కి సొంత ఎంజైమ్‌లున్నాయి, మందులు ఎక్కువగా వాటినే పట్టుకుంటాయి. ఇంకొందరు ఒక యాంటీబయాటిక్ పొడి కలిపి కొట్టమంటున్నారు, అది బ్యాక్టీరియా మీద పనిచేసేది, వైరస్ మీద చుక్కెదురే. షాపాయన ఇచ్చిన డబ్బా దోమని చంపిందేమో గానీ మొక్క లోపల దిగిపోయిన దాన్ని ఏమీ చేయలేదు, ముడత పడిన మొక్క మళ్ళీ విచ్చుకోదు.

మీరు రాయాల్సింది దోమ గురించి సార్. నారుకి సన్న వల కట్టడం, చేలో పసుపు జిగురు అట్టలు పెట్టడం, చుట్టూ రెండు మూడు వరసలు మొక్కజొన్నో జొన్నో వేయడం, గట్ల మీద కలుపు తీసేయడం, మొదట్లో తెగులు కనిపించిన మొక్కని వెంటనే పీకేయడం. ఇవి మీ పేపర్లో నాలుగు లైన్లు వేసి చివర్లో పెట్టారు.

ఇంకోటి, మీరు వేసిన ఫోటో తామరపురుగు ముడతది అనిపించింది నాకు. దానికీ ఆకులు పైకే ముడుచుకుంటాయి కాబట్టి రైతులు తికమక పడతారు. వైరస్‌కైతే ఆకు పడవలా ముడుచుకోవడంతో పాటు చిన్నదైపోతుంది, ఈనెలు పసుపు తిరిగి, కణుపులు దగ్గరపడి మొక్క గుబురుగా కురచగా అయిపోతుంది, తట్టి చూస్తే అడుగునుంచి తెల్లదోమ పిండి చల్లినట్టు లేస్తుంది. నల్లి ముడత అయితే కిందికి తిరుగుతుంది. ఈ మూడిటివీ పక్కపక్కన ఫోటోలు వేయండి, హెడ్డింగ్‌లో చంపే మందు అనే మాట తీసేయండి.

వైరస్ మొక్క ఫోటో కావాలంటే నేను పంపుతా. మా చేలో ఇంకా రెండు ఉన్నాయి, కాయలున్నాయని నాన్న పీకనివ్వట్లేదు.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్, నరసరావుపేట