ఆదివారం టోక్యోలోని హరాజుకులో వీధి ఫ్యాషన్ ఫొటోలకు వచ్చేవారికి

నమస్కారం. ఉదయం పదింటికి హరాజుకు స్టేషన్ దగ్గర కలుద్దాం. తకేషిత వీధి జనంతో కిక్కిరిసి ఉంటుంది, అక్కడ ఆగవద్దు. వెనుక సందులే మేలు. వింత వేషాల వెంట పడకండి, మామూలు మనుషులను చూడండి. పోయినసారి కనిపించిన పెద్దాయన నాకింకా గుర్తున్నారు: ఇస్త్రీ నలగని నీలం చొక్కా, అంచు రెండు మడతలు పెట్టిన జీన్స్, కింద ఎర్ర మేజోళ్లు. నా ఫొటోలో ఆ మేజోళ్లే పడలేదు! 1997లో ‘ఫ్రూట్స్’ అనే వీధి ఫ్యాషన్ పత్రిక పెట్టిన షోయిచి అవోకి లాగా బూట్లతో సహా నిలువెత్తున తీయండి. ముందు అడగండి: “షషిన్ తొత్తె మొ ఈ దెసు క?” (ఫొటో తీసుకోవచ్చా?) ఎదుటివారు రెండు చేతులూ అడ్డంగా పెడితే వద్దని అర్థం, దండం పెట్టి కదలండి. వాన వచ్చినా మానవద్దు. అక్కడి ప్లాస్టిక్ గొడుగుల్లోంచి బట్టలు చక్కగా కనిపిస్తాయి.